క్ష దాచుకునే మనిషి

అక్కా నేనూ మాట్లాడుకుని నాలుగేళ్లయింది. తప్పు దానిదే. పదిమందిలో "నీ నోటికి జడిసే నీ మొగుడు పారిపోయాడు" అంది. నిజానికి ఆయన పారిపోలేదు, చెప్పే వెళ్లాడు. ముందు అది పలకరిస్తేనే నేను పలుకుతానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

కానీ ఫోన్‌లో పదాల ఆట మాత్రం ఇద్దరమూ ఆపలేదు. వచ్చిన ఏడు అక్షరాలనూ అటూ ఇటూ మార్చి పదం కట్టాలి, ఒత్తులుంటే పాయింట్లెక్కువ. మూడు రోజులు ఆడకపోతే ఆట మూసుకుపోతుంది. కళ్లద్దాల షాపు వెనకగదిలో లెన్సులు అరగదీయడం నా పని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాకి ఫోన్ ఆనించి, అక్క ఏ పదం వేసిందో చూస్తూ తింటాను. రోజు మొత్తంలో నాకంటూ వచ్చే మాట అదొక్కటే. సాయంత్రం ఇంటికెళ్లి ఆ పదాన్నే మళ్లీ చూసుకుంటానని ఎవరితోనూ అనలేను.

దాని ఆట నాకు కొట్టినపిండి. క్ష వచ్చిందంటే పెద్ద పదం కోసం దాచి దాచి, చివరికి అది చేతిలోనే మిగిలి ఓడిపోతుంది. పిసినారి! అలాంటిది నెల రోజులుగా క్ష రావడం ఆలస్యం, 'ప్రక్షాళన' అంటోంది, 'విచక్షణ' అంటోంది. వరసగా మూడు ఆటలు ఓడాను. ఒళ్లు మండిపోయింది. అక్షరాలు కొడితే ఎక్కువ పాయింట్ల పదం వెతికిపెట్టే యాప్ ఒకటుందని విని దించుకున్నాను. ఆట అయ్యాక ఎవరికి ఏ అక్షరాలు వచ్చాయో చూడొచ్చు. అక్కవి అందులో కొట్టాను. అది వేసిన ప్రతి పదమూ ఆ జాబితాలో మొదటిదే.

దొంగ దొరికింది. ఒట్టు తీసి గట్టున పెట్టి ఫోన్ చేశాను. తిట్టడానికైనా సాకు దొరికిందని సంతోషం కూడా వేసింది, దాచడమెందుకు.

బావ ఎత్తాడు.

"మీ ఆవిడకి సిగ్గు లేదా బావా? యాప్ చూసి ఆడుతోంది!"

బావ గొంతు తగ్గించాడు.

"ఆడుతోంది నేనమ్మా. నాకు పదాలు తట్టవు, అందుకే యాప్. మీ అక్కకి నెల కిందట పక్షవాతం వచ్చింది. మాట పోయింది. చదవడం కూడా రావట్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఫోన్ తీశా. చెయ్యి పట్టుకుని ఆపేసింది. మధ్యాహ్నం కాగానే మాత్రం ఫోన్ తెచ్చి నా చేతిలో పెడుతుంది. నువ్వు ఆడావని చూపిస్తేనే ముద్ద ముడుతుంది."

"దాని చెవి దగ్గర పెట్టండి," అన్నాను.

పెట్టాడు. ఊపిరి వినిపించింది.

"అక్కా, నేనే."

అటు గొంతు పెగల్చుకోవడానికి తంటాలు పడింది. పడుతూనే ఉంది. దాని నోటి నుంచి ఒక్క మాట కోసం నాలుగేళ్లు బిగదీసుకుని కూర్చున్నదాన్ని, "వద్దే అక్కా, మాట్లాడకు, ఏమీ చెప్పకు," అని బతిమాలుతున్నాను.