లింగస్వామి ఎడమకాలు

మీర్‌పేట్‌లో పొద్దున్నే అండాలమ్మ వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేస్తుంది. ఆ తడి ఆరకముందే ఆమె మొగుడు లింగస్వామి ఆటో దగ్గరికి నడుస్తాడు. కుడిపాదం గుర్తు, ఎడమపాదం గుర్తు, చంకకర్ర గుర్తు వరసగా పడతాయి. అతనికి ఎడమకాలు మోకాలి కింద లేదు. అయినా గుర్తు పడుతుంది.

"ముగ్గు జర తప్పిచ్చి పోరాదు? రెండు కాళ్లతోని తొక్కుతవు" అని అండాలమ్మ రోజూ కసురుతుంది. చెప్పులు జతగానే కొంటారు. రెండూ ఒక్కలాగే అరుగుతాయి. ఆటోకు ఎడమకాలితో పనిలేదు గనక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా అతని బేరాలు మునుపటిలాగే సాగుతున్నాయి.

ఆ ఇంటి నెత్తురే అంత. అతని తల్లి సైదమ్మకు నల్గొండ దగ్గర ఊళ్లో గడ్డి కోసే మిషన్‌లో కుడిచెయ్యి పోయింది. ఆమె ఇప్పటికీ ఆ చేత్తోనే బియ్యం చెరుగుతుంది. బస్సులో ఆమెకు కుడిపక్కన కూర్చున్నవాళ్లు, మోచెయ్యి తగులుతుందని కొంచెం జరిగి కూర్చుంటారు. పోయింది ఉండిపోవడం బాగానే ఉంది గానీ, నొప్పి కూడా ఉండిపోతుంది. అంతటితో ఆగక పిల్లలకూ దిగుతుంది. చిన్నప్పుడు లింగస్వామి నిక్షేపంలాంటి కుడిచేత్తో బలపం పట్టుకోలేక బడిలో ఏడ్చేవాడు.

అతని కాలు ఎట్లా పోయిందో ఎల్బీనగర్ అంతా చూసింది. తెలంగాణ కోసం చౌరస్తాలో వంటా వార్పు పెట్టిన రోజది. రోడ్డు మధ్యలో రాళ్లపొయ్యి, దాని మీద గంజెడు పప్పుచారు. లింగస్వామి పొయ్యి ముందు కూర్చుని మంట ఎగదోస్తున్నాడు. తుర్కయంజాల్‌లో ప్లాట్లు అమ్మే రామచంద్రం కారులో వచ్చాడు. రిజిస్ట్రేషన్‌కు ఆలస్యమవుతోందట. జనం ఆగమన్నారు. ఆగితే ఆయన రామచంద్రం ఎట్లా అవుతాడు? బండిని పొయ్యి మీదికే ఎక్కించాడు. పప్పుచారు మీద పడితే లింగస్వామే ఉరికొచ్చి చక్రం కింద పడ్డాడని పోలీసులకు చెప్పుకున్నాడు. సాక్ష్యానికి ఒక్కరూ రాలేదు. సగంమంది ఆయన దగ్గర ప్లాట్లు కొన్నవాళ్లే. కొన్నాళ్లకు ఆ పెద్దమనిషే దీక్షా శిబిరంలో మెడ నిండా పూలదండలతో కూర్చున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు లింగస్వామిని ఓపిగ్గా చూశాడు.

"లేని కాలు నొప్పెట్టడం చాలామందికి ఉంటుందండీ. కొందరికి మరీ ఎక్కువ. అది వంశపారంపర్యంగా వస్తుందేమోనని కూడా చూస్తున్నారు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా అమ్మకున్నది సార్."

డాక్టరు గోలీలు రాసిచ్చాడు. వేసుకుంటే నొప్పి పడుకునేది. దాంతోపాటు పగ కూడా పడుకునేది. అది లింగస్వామికి నచ్చలేదు. గోలీలు మోరీలో పారేశాడు. రామచంద్రం బండి ఎదురుపడినప్పుడల్లా లేని వేళ్లు మెలితిరిగేవి. అతను పళ్లు బిగబట్టి ఆ నొప్పిని దాచుకునేవాడు.

అలా దాచుకుంటుండగానే కూతురికి మొదలైంది. స్వప్న డిగ్రీ చదువుతూ, పోలీసు ఉద్యోగం కోసం సరూర్‌నగర్ స్టేడియంలో పరుగు నేర్చుకుంటోంది. ఒకరోజు కుంటుతూ ఇంటికొచ్చింది.

"డాడీ, నా ఎడమకాలు మీదికెంచి బండి పోయినట్టు అయితున్నది. ఉరకనిస్తలేదు."

సైదమ్మ లింగస్వామిని పక్కకు పిలిచింది.

"ఇంకెన్ని దినాలు దాస్తవు బిడ్డా? నొప్పిని కాలు తీసినోనికే ఇయ్యాలె. లేకుంటే పిల్లకు పోతది. నా చెయ్యి తీసింది మిషను. దానికి ఎట్ల ఇస్త? గందుకే నీకొచ్చింది."

"ఎట్ల ఇయ్యాలె అమ్మా?"

"వాడే చెయ్యి చాపి అడిగి తీస్కోవాలె. గుంజి కట్టబెడితే పోదు."

నొప్పిని ఎవడు అడిగి తీసుకుంటాడు? లింగస్వామి చాలా ఆలోచించాడు. కత్తి గురించి కూడా ఆలోచించాడు, అబద్ధమెందుకు. తెలంగాణ ఇంకా రాలేదు గానీ దసరా వచ్చింది.

దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారం అని చెప్పి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఎంత పగవాడు పెట్టినా ఆ పూట వద్దనరు. రామచంద్రం గేటు ముందు కుర్చీ వేయించుకుని కాలనీ అంతటి చేతా జమ్మి పెట్టించుకుంటున్నాడు. లింగస్వామి రావడం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. కాలు పోయినవాడే వచ్చి జమ్మి పెట్టాక ఇక వేలెత్తి చూపేదెవరు? ఫొటో తియ్యమని కొడుకు మణికంఠకు సైగచేసి లేచాడు.

"రా తమ్మీ. పాతయన్ని మర్సిపోదాం. పెట్టు, బంగారం పెట్టు" అని రెండు చేతులూ చాపాడు.

"మల్ల వద్దనవు గద అన్నా?"

"పండుగపూట వద్దంటరా? నీ దగ్గర ఎంతుంటే అంత పెట్టు."

లింగస్వామి ఆ చేతుల్లో జమ్మి పెట్టాడు. గట్టిగా కౌగిలించుకున్నాడు. వదిలేసరికి రామచంద్రం ఎడమ మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఫొటోలో మాత్రం నవ్వుతూ వచ్చాడు.

మర్నాడు వాకిట్లో ఒక్క పాదం గుర్తే పడింది. అండాలమ్మ ఆ రోజు కసరలేదు. స్వప్న స్టేడియానికి పోయి అందరికంటే ముందు ఉరికింది.

రామచంద్రం పెద్ద దవాఖానాలన్నీ తిరిగాడు. కాలికి ఏమీ లేదన్నారు. చివరికి దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు దగ్గరికే పోయాడు. "మీ ఇంట్లో ఎవరికైనా కాలు పోయిందాండీ?" అని ఆయన అడిగేసరికి జమ్మి పెట్టిన లింగస్వామి గుర్తొచ్చి సంగతి అర్థమైంది. నేరుగా మీర్‌పేట్ వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, దీన్ని వాపస్ తీస్కోండ్రి. స్టేషన్ల నిజం చెప్త."

సైదమ్మ లేని చేత్తో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "వాపస్ రాదు పటేలా. తీసినోనికే పోతది. నీ కాలు తీసినోడు ఎవడో చూసి వానికియ్యి."

"నా కాలు ఎవలు తియ్యలే గద."

"అయితే ఇగ నెత్తురు ఎంబడి పోవుడే."

ఆ మాటకు లింగస్వామికి కడుపు నిండినట్టయింది. దాన్ని అతను దాచుకోలేదు.

బయట కారు అద్దం దించి మణికంఠ పిలిచాడు. "డాడీ, జల్ది రా. పొద్దుగాల్నుంచి నా ఎడమకాలు ఒక్కతీరుగ గుంజుతున్నది."

రామచంద్రం గడప మీదే కూర్చుండిపోయాడు. స్వప్న బూట్ల తాళ్లు బిగించుకుని, ఆయన్ని దాటుకుని, స్టేడియం వైపు ఉరికింది.