వెనక నడిచే మనిషి

చివరి యాత్రికుడు కూడా బస్సు దిగాక ఆయన సీట్లన్నీ ఒకసారి తడిమి చూశాడు. ఒక కళ్లజోడు, ఒక టోపీ దొరికాయి. వాటిని పట్టుకుని వెనక తలుపు దిగి, ఎవరివో కనుక్కుని ఇచ్చేసి, గుంపు చివర తన చోట నిలబడ్డాడు. ముందు వైపు ఆయన మేనకోడలు పసుపు జెండా ఎత్తిపట్టుకుని, కోట గుమ్మం కట్టించిన రాజు కథ అప్పుడే మొదలుపెట్టేసింది.

పొద్దున్నే ఓడ వచ్చి జనాన్ని రేవులో దింపుతుంది. సాయంత్రం లోగా పాత నగరమంతా చూసేసి వాళ్లు మళ్లీ ఓడెక్కాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. అందుకని ప్రతి గుంపుకీ ముందు కథ చెప్పడానికి ఒకరు, వెనక ఏరుకురావడానికి ఒకరు ఉంటారు. తన వెనక ఎవరూ మిగలకుండా చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఫోటో కోసం ఆగినవాళ్ల దగ్గరా, బూటు తాడు ఊడినవాళ్ల దగ్గరా ఆయనా ఆగుతాడు. కసురుకోడు, తొందరపెట్టడు. అందరూ బస్సెక్కాక అరచేత్తో బస్సు పక్కన రెండుసార్లు చరిచి, వెనక తలుపులోంచి తను ఎక్కుతాడు. ఆ చప్పుడు వింటే చాలు, డ్రైవరు వెనక్కి తిరిగి చూడకుండా బండి కదిలిస్తాడు. అతను ఈయనకు పెట్టిన పేరు తోకాయన. ఆ పేరుకి ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు.

నిజానికి పుట్టినప్పటి నుంచీ ఆయనది వెనక బతుకే. జుట్టు నెరిసేదాకా బట్టల కొట్లో పనిచేశాడు. అమ్మేవాళ్లు విప్పి పరిచిన తానుల్ని, కొనేవాళ్లు వెళ్లిపోయాక, మళ్లీ మడతపెట్టడం ఆయన పని. ఇంట్లోనూ అందరూ తిన్నాకే కంచం ముందు కూర్చునేవాడు. భార్యతో బజారుకు వెళ్లినా నాలుగడుగులు వెనకే. "పక్కన నడవండి, మీకు పుణ్యముంటుంది. ఇలా వెనకాల వస్తుంటే జనం నన్ను దొంగనీ మిమ్మల్ని పోలీసనీ అనుకుంటారు" అని ఆవిడ దెప్పిపొడిచేది. ఆవిడ పోయాక ఆయన ముందు నడిచే మనిషి లేకుండా పోయింది. ఎటు నడవాలో తోచక తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చుండిపోతే, మేనకోడలే వచ్చి చెయ్యి పట్టుకుని ఈ పనిలోకి లాక్కొచ్చింది.

ఆ పిల్లే ఇవాళ పొద్దున బస్సు దగ్గర వేలు చూపించి మరీ చెప్పింది. "మావయ్యా, మొన్న మెట్ల మీద రొప్పడం చూశాను. ఇవాళ గనక మళ్లీ ఆయాసపడ్డావంటే రేపట్నుంచి నిన్ను రానివ్వను. నవ్వులాట కాదు."

"నాకేమైందే? గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడాయన, ఊపిరి బిగబట్టి.

గుండ్రాయీ లేదు, ఏమీ లేదు. కొన్నాళ్లుగా ఎడమ రొమ్ములో ఏదో పట్టేసినట్టుంటోంది. అయినా ఆయనకు ఆ నొప్పంటే అంత భయం లేదు. భయమంతా ఆ ఇల్లంటే. తాళం తీయగానే మొహాన కొట్టే ఆ నిశ్శబ్దంలో రోజంతా కూర్చోవడం కంటే, ముక్కూ మొహం తెలియని మనుషుల వెనక నడవడమే ఆయనకు హాయి.

కోట మెట్ల దగ్గర ఆయనకు అదృష్టం కలిసొచ్చింది. భారీ మనిషి, చేతికర్ర, భుజాన సంచీ ఉన్న ఒక పెద్దావిడ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ కొడుకు రెండు మెట్లు ఎక్కి, మళ్లీ రెండు మెట్లు దిగి, "అమ్మా, కొంచెం తొందరగా రా. పైన ఫిరంగులున్నాయట" అంటూ సతమతమైపోతున్నాడు.

"మీరు పదండి బాబూ. అమ్మగారిని నేను మెల్లగా తీసుకొస్తాను" అన్నాడాయన. కొడుకు ప్రాణం లేచొచ్చినట్టు పైకి పరుగెత్తాడు.

ఆవిడ మోకాలికి ఆయన మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఇక ఎన్నిసార్లు ఆగినా అడిగేవాళ్లుండరు. నాలుగు మెట్లు ఎక్కగానే ఆవిడ "అబ్బా, నా మోకాలు" అంటుంది. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడతారు. ఆయన మొహం అటు తిప్పుకుని, చూపు సముద్రం మీద పెట్టి, మెల్లమెల్లగా ఊపిరి కూడగట్టుకుంటాడు.

"ఆ రాజుకి వేరే పనీపాటా లేదు కాబోలు, ఇన్ని మెట్లు కట్టించాడు" అందావిడ ఒక మలుపులో.

"ఎక్కేది ఆయన కాదు కదమ్మా. పల్లకీలో కూర్చుంటాడు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే ఆయన పెదాల రంగు చూసింది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది.

"గోడలున్నాయమ్మా" అన్నాడాయన తేలిగ్గా.

ఆ తర్వాత ఆవిడ మోకాలి నొప్పి మరీ ఎక్కువైంది. మెట్లున్న చోటే కాదు, చదునుగా ఉన్న వీధుల్లోనూ కూర్చుందామనేది. పాత్రల కొట్టు అరుగు మీద ఒకసారి, ఎండిపోయిన నీళ్ల తొట్టి గట్టు మీద ఒకసారి. జెండా పట్టుకున్న మేనకోడలు అనుమానంగా వెనక్కి తిరిగినప్పుడల్లా ఆవిడే కర్ర పైకెత్తి, తప్పు తనదేనన్నట్టు ఊపేది. మేనకోడలు తలూపి ముందుకు సాగేది.

చివరి మజిలీ గడియారం స్తంభం కింది చౌక్. వీధి అంచున బస్సు సిద్ధంగా ఉంది. జనం కొట్ల మీద పడి చేతికందినవి కొనుక్కుంటున్నారు. వీళ్లిద్దరూ గోడవారన రాతి బెంచీ దగ్గరికి చేరేసరికి ఆయన చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. పెద్దావిడ సంచీలోంచి చిన్న దిండు తీసి బెంచీ మీద వేసింది. "రాయి చల్లగా ఉంది. మీరు కూర్చోండి" అంది. వద్దనే ఓపిక లేక ఆయన కూర్చున్నాడు. ఎన్నాళ్లయిందో ఒక మనిషి తన కోసం ఇలా ఏదైనా పరిచి. ఆయన కళ్లు చెమర్చాయి.

అంతలో కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అందరూ ఎక్కేశారు. ఓడ వెళ్లిపోతుంది."

"ఈయనా లేవాలిగా" అందావిడ.

"ముందు మీరు పదండమ్మా. నేనెప్పుడూ ఆఖరే. దిండు పట్టుకొస్తాను."

ఆవిడ అడుగడుగుకీ వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లింది. ఆయన చౌక్ నలుమూలలా చూపు తిప్పాడు. ఓడ వాళ్లు ఒక్కరూ మిగల్లేదు. తన వెనక ఎవరూ లేరు. పని అయిపోయిందన్న తృప్తితో, ఒక్క క్షణం ఆగి లేద్దామనుకుని, తల గోడకు ఆనించాడు.

బస్సులో మేనకోడలు తలలు లెక్కపెట్టింది. సరిపోయాయి. ఆ లెక్కలో ఆయన ఎప్పుడూ ఉండడు. తల్లిని ఎక్కించిన కొడుకు, రోజంతా చూస్తున్నవాడే కదా, సరదాకి కొంతా తొందరకి కొంతా, అరచేత్తో బస్సు పక్కన రెండుసార్లు చరిచి ఎక్కేశాడు. డ్రైవరు అలవాటు ప్రకారం బండి కదిలించాడు. తోకాయన వెనక సీట్లో ఉన్నాడనే అందరూ అనుకున్నారు.

రేవులో అందరూ దిగిపోయారు. మేనకోడలు వెనక తలుపు దగ్గర నిలబడి చూసింది. ఎవరూ దిగలేదు. లోపలికి వెళ్లి చూస్తే ఒక సీటు కింద ఎవరిదో గొడుగు పడి ఉంది. దాన్ని తీసినవాళ్లు లేరు.

ఓడ మెట్ల దాకా వెళ్లిన పెద్దావిడ కొడుకు చెయ్యి విడిపించుకుని వెనక్కి వచ్చింది. "మీ మావయ్య ఎక్కలేదా తల్లీ? బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాను. నా మోకాలికి ఏమీ లేదమ్మా. ఆయన అవస్థ నీ కంట పడకూడదని నానా పాట్లూ పడుతుంటే చూడలేక, నేనే నొప్పి నొప్పి అంటూ వచ్చాను. నీకు చెప్పాల్సింది."

మేనకోడలికి ఆవిడ మీద కోపం రాలేదు. పొద్దున తను చూపించిన వేలు గుర్తొచ్చింది. భయపెట్టింది తనే, ఆయన నొప్పి దాచింది తన నుంచే. ఓడ కూత పెట్టింది. కొడుకు వచ్చి తల్లిని తీసుకుపోయాడు. డ్రైవరు అప్పటికే బండి వెనక్కి తిప్పుతున్నాడు.

వాళ్లు వెళ్లేసరికి చౌక్‌లో దీపాలు వెలిగాయి. ఆయన గోడకు ఆనుకుని, మొహం బస్సు నిలిచిన వైపు పెట్టి కూర్చుని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మేనకోడలు పక్కన కూర్చుని, ఆయన చొక్కా కాలరు సరిచేసి, ఆ చేతిని వదలకుండా చాలాసేపు ఏడ్చింది. కాసేపటికి కొట్లవాళ్లు నలుగురూ వచ్చి ఒక చెయ్యి వేశారు. ఆయన్ని బస్సులోకి ఎక్కించి, మొట్టమొదటి సీట్లో పడుకోబెట్టారు.

పెద్దావిడ తన ఇంట్లో మిగిలిన గుడ్డలతో కుట్టుకున్న ఆ చిన్న దిండు, నడుమ ఆయన బరువుకి అణిగి, రాతి బెంచీ మీదే ఉండిపోయింది.