రెండో ర్యాంకు లేని గోడ

బ్యూలా టీచర్ రోజూ పంపుహౌసు గోడ దగ్గరే బస్సు ఎక్కుతుంది. ఇల్లు బన్సీలాల్‌పేట్‌లో, పనిచేసే మిషన్ స్కూలు మారేడ్‌పల్లిలో. ఇదివరకు బస్సు వచ్చేదాకా గోడకు ఎదురుగా నిలబడేది. ఇప్పుడు వీపు పెట్టి నిలబడుతోంది.

హదస్సా ఆమెకు ఒక్కగానొక్క కూతురు. ఇరవై మూడేళ్లు. బొమ్మలు వేయడం నేర్చుకుని, చిన్నపిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేది. వానాకాలం చివర్లో డెంగీ జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. తగ్గలేదు. ఎవరైనా అడిగితే బ్యూలా ఇంతే చెబుతుంది.

ఆ గోడ ఒకప్పుడు నిండా పోస్టర్లే. ఇంటర్ కాలేజీల వాళ్లు, కోచింగు వాళ్లు ఒకరి మీద ఒకరు అంటించుకుంటూ పోగా పోగా అట్టలా మందం కట్టింది. గుండ్రటి ఫొటోల్లో పిల్లల ముఖాలు, ఒక్కొక్క ముఖం కింద ర్యాంకు. సందుల్లో బోరు వేసేవాళ్ల నంబర్లు, మూలశంక వైద్యుడి నంబరు. కింద గోడ ఏ రంగులో ఉందో వీధిలో ఎవరికీ గుర్తు లేదు. పోయిన ఎండాకాలంలో హదస్సా, ఆమె స్నేహితుడు ఇవాన్, ఇంకో నలుగురు బకెట్లు, చీపుర్లు పట్టుకొచ్చి దాన్నంతా నానబెట్టి గీకారు. తర్వాత సున్నం కొట్టి బొమ్మలు మొదలుపెట్టారు.

దూరం నుంచి చూస్తే అది కూడా కాలేజీ ప్రకటనలాగే ఉండేది. అవే పసుపు, ఎరుపు అక్షరాలు, అవే గుండ్రటి ముఖాలు. దగ్గరికి వస్తే ముఖాలు వీధిలో వాళ్లవి. అందరికీ మొదటి ర్యాంకే. గోడ ముందు ఇడ్లీ బండి పెట్టుకునే అప్పలలక్ష్మికి పాలు పొంగకుండా కాయడంలో మొదటి ర్యాంకు. ఇస్త్రీ పైడిబాబుకు ఒక్క చొక్కా కూడా మాడ్చకపోవడంలో. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు నిలబడి నిద్రపోవడంలో. బస్టాపు కుక్కకు అందరినీ గుర్తుపట్టడంలో. వీధి యువజన సంఘం పెద్ద శ్రీశైలానికి, ఎవరు పిలిచినా పలకడంలో.

"ఏందీ పాపా, నాకు సుత ర్యాంకా?" అని శ్రీశైలం ఆ రోజు బండి మీంచి దిగకుండానే నవ్వాడు. "టెన్త్ తప్పినోణ్ణి."

"అందుకే అన్నా. ఈ గోడ మీద అందరూ పాసే," అంది హదస్సా.

ఆ బొమ్మను ఫొటో తీసుకుని ఫోన్‌లో పెట్టుకున్నాడు. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ ముఖమే కనబడేది.

గోడ కింది వరసలో ఒక గుండ్రం మాత్రం ఖాళీగా వదిలేసింది హదస్సా. దానికి నల్లరంగు వేసి, పక్కన దారానికి సుద్దముక్క కట్టింది. ఎవరైనా వచ్చి తమ ముఖం గీసుకుని, తమకు నచ్చిన ర్యాంకు రాసుకోవచ్చు. వాన వస్తే పోయేది. మర్నాడు ఇంకొకరు. సుద్దముక్కలు బ్యూలా సంచీలోంచి పోతుండేవి.

"స్కూలు సుద్దలే అవి. దొంగతనం," అనేది బ్యూలా.

"అయితే వచ్చి నువ్వూ గీసుకో. దొంగను పట్టుకోవడంలో మొదటి ర్యాంకు."

"నాకు బస్సు టైమైంది," అనేది బ్యూలా. ఎప్పుడూ టైమే అయ్యేది.

హదస్సాను సమాధి చేసిన మూడో రోజున ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లాక, బ్యూలా ఆయనను సాగనంపడానికి సందు చివరిదాకా వచ్చింది. అక్కడినుంచి గోడ కనబడాలి. గోడ లేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఫ్లెక్సీ ఉంది.

"కన్నీటి శ్రద్ధాంజలి" అని పైన పెద్ద అక్షరాలు. మధ్యలో హదస్సా ముఖం. ఒక పక్క పావురం, ఇంకో పక్క వెలుగుతున్న దీపం. పై వరసలో శ్రీశైలం వాళ్ల నాయకుడు, ఆయన పక్కన చేతులు జోడించిన శ్రీశైలం. అడుగున, ఖర్చు పెట్టుకున్న ఇంటర్ కాలేజీ పేరు, ఫోన్ నంబరు, అడ్మిషన్లు జరుగుతున్నాయన్న మాట. హదస్సా ఫొటో ఆ గోడ దగ్గర తీసిందే. ఆ ఫొటోలో ఆమె ముక్కు మీద పచ్చరంగు మరక ఉండాలి. కంప్యూటర్‌లో దాన్ని శుభ్రంగా తుడిచేశారు.

పాస్టరు గారు దీపం వంక కాసేపు చూశారు. "మంచి మనసుతో పెట్టారమ్మా," అన్నారు.

అది నిజం. బ్యూలాకు ఇబ్బంది అక్కడే వచ్చింది. ఆసుపత్రిలో ప్లేట్‌లెట్లు కావాలన్నప్పుడు శ్రీశైలం తన సంఘం పిల్లలందరినీ ఆటోల్లో ఎక్కించి తెచ్చాడు. తనూ ఇచ్చాడు. శవపేటిక మోసిన వాళ్లలో ముందు భుజం అతనిది. ఆ మనిషి దగ్గరికి వెళ్లి, మీరు పెట్టింది నా బిడ్డకు గిట్టనిది అని ఏ నోటితో చెప్పడం?

అప్పలలక్ష్మి రోజూ పొద్దున బండి మీద మొదటి ఇడ్లీ వాయి దింపగానే ఒక బంతిపువ్వు తెచ్చి ఫ్లెక్సీ అంచుకు గుచ్చేది.

"నా బొమ్మ దీని కిందే ఉన్నాది టీచరమ్మా," అంది ఒకరోజు. "కదలకు పిన్నీ, కదలకు పిన్నీ అని నన్ను కూకోబెట్టి గీసినాది. ఆ పూట ఇడ్లీలు మాడిపోనాయి. పోనీలే. నా ముకం ఎవులు సూడాల? పాప ముకం కనబడతాంది, సాలు."

ఇంట్లో భర్త జీవరాజు కూడా అదే అన్నాడు. రైల్వే ఆఫీసుకు వెళుతూ రోజూ ఆ గోడ ముందు స్కూటర్ ఆపుతాడు. "బిడ్డను రోజూ చూస్తున్నానంటే ఆ ఫ్లెక్సీ ఉండబట్టే," అన్నాడు. బ్యూలా ఆయన టిఫిన్ డబ్బా మూత బిగించి చేతికిచ్చింది.

ఇవాన్ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చాడు. చాలాసేపు కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు.

"ఆంటీ, తను ఫ్లెక్సీలను ఏమనేదో మీకు తెలుసు కదా."

"తెలుసు."

"తనతో కాలేజీ అడ్మిషన్లు చేయిస్తున్నారు ఆంటీ." కాస్త నీళ్లు తాగి, ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. "మేం చింపం. చింపితే అంకుల్ బాధపడతారు. శ్రీశైలం అన్న కూడా. కిటికీలు పెడతాం."

"కిటికీలా?"

"ఎక్కడెక్కడ ముఖాలున్నాయో మా దగ్గర కొలతలున్నాయి. సరిగ్గా వాటి మీద గుండ్రంగా కోస్తాం. హదస్సా ముఖం అలాగే ఉంటుంది. ఆ చుట్టూ లక్ష్మి పిన్ని, పైడిబాబు, కుక్క అందరూ బయటికి చూస్తారు. ఫోన్ నంబరు ఉన్నచోట కుక్క వస్తుంది ఆంటీ. కావాలని కాదు. కొలత అలా కుదిరింది."

బ్యూలా ఫోన్ చేతిలోకి తీసుకుంది. అడుగున అడ్మిషన్ల మాట మధ్యలోంచి కుక్క ముఖం చూస్తోంది. ఆమె పెదవి కదిలింది. అది నవ్వేనని ఆమెకే ఆలస్యంగా తెలిసింది. వెంటనే ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"ముందు శ్రీశైలం గారితో నేను మాట్లాడతాను. చెప్పకుండా చేయడం బాగుండదు."

"చెబితే ఒప్పుకోరేమో ఆంటీ."

"అడగకుండా ఎలా తెలుస్తుంది? వచ్చే శనివారం దాకా ఆగండి."

ముప్పై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పిన మనిషి. అడగాల్సిన మాటను ఇంట్లో రెండు మూడు రకాలుగా కూర్చుకుంది. "తీసేయండి" అన్న మాట ఎక్కడ పెట్టినా కొట్టినట్టే ఉంది. దాన్ని తీసేసి మిగతావి ఉంచుకుంది.

మర్నాడు శ్రీశైలం ఇడ్లీ బండి దగ్గర టీ తాగుతున్నాడు. ఆమెను చూసి గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"శ్రీశైలం గారూ, ఆ ఫ్లెక్సీ గురించి."

"చెప్పుండ్రి టీచరమ్మా."

"అది... ఇంకా ఎన్నాళ్లు ఉంటుంది?"

శ్రీశైలం ఆమె ముఖం వంక చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు దానికే పరేషాన్ అయితున్నరా? ఎవ్వడు ముట్టడు. నేనున్న గద."

"అది కాదండీ. కింద బొమ్మలు కూడా..."

"తెల్సు టీచరమ్మా. గాలొస్తే చినుగుతది, గోడ ఖరాబైతది, గదే గద మీ తక్లీఫ్? నా దిమాక్‌ల సుత గదే ఉన్నది. మీరు అడిగిన్రు, ఇగ అయిపోయింది. మన పాపది అట్ల ఊగులాడుకుంట ఉండొద్దు."

"మీరు శ్రమపడొద్దు శ్రీశైలం గారూ. నేను చెప్పేదేమంటే..."

"శ్రమ ఏందమ్మా?" అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ. "మీరు నోరు తెరిచి ఒక్కటి అడిగిన్రు. పాప ఉన్నప్పుడు సుత మీరు నన్ను ఏదీ అడగలే."

అప్పలలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది. బస్సు వచ్చింది. బ్యూలా ఎక్కింది. స్కూలు చేరేదాకా, చెప్పవలసిన మాట ఆమె నోట్లోనే ఉంది.

శనివారం దాకా ఆగనక్కర్లేకపోయింది. గురువారం సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి పంపుహౌసు దగ్గర వెల్డింగు మెరుపులు. ఇనుప ఫ్రేము నిలబెట్టారు. ఫ్రేముకు వెనక రేకు కొట్టారు. రేకును బోల్టులతో గోడకు దిగ్గొట్టారు. దాని మీద అదే బొమ్మతో కొత్త ఫ్లెక్సీ, ముందుదానికంటే మందంగా. శ్రీశైలం చొక్కా చేతులు మడిచి, నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. జుట్టు నిండా సున్నం పొడి.

"చూడుండ్రి టీచరమ్మా, పదేండ్లు గట్టిగుంటది. ఒక బోల్టు పోయి పోయి నా బొమ్మ నుదుటి మీదనే పడ్డది." నవ్వాడు. "ఏం గాదు. పాప కోసమే గద."

గోడ కింద మట్టిలో రంగు పెచ్చులు పడి ఉన్నాయి. పసుపు, ఎరుపు. బ్యూలా వంగి ఒకటి తీసుకోబోయింది. శ్రీశైలం చూస్తున్నాడు. చెప్పు సరిచేసుకున్నట్టు వంగి లేచింది.

"చాలా కష్టపడ్డారు," అంది. ఆ మాట నిజమే కాబట్టి అనగలిగింది.

ఇవాన్ ఆ రాత్రి ఫోన్ చేశాడు. ఎవరో ఫొటో పంపారట.

"రేకు కొట్టారా ఆంటీ?"

"కొట్టారు."

"రేకును కోయలేం ఆంటీ."

"తెలుసు నాన్నా," అంది ఆమె. "నేనే అడిగాను."

"మీరు పడుకోండి ఆంటీ," అని అతను ఫోన్ పెట్టేశాడు. తప్పు పట్టనందుకు ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

ఫ్రేము గోడ మొత్తాన్నీ కప్పింది గానీ, కింద బెత్తెడు మిగిలింది. ఆ బెత్తెడులో ఖాళీ గుండ్రం అడుగు భాగం, దారానికి వేలాడే సుద్దముక్క ఉన్నాయి. స్కూలు పిల్లలు దాన్ని వదల్లేదు. పై సగం లేదు కాబట్టి కింది సగమే గీస్తున్నారు. ఒకరోజు గడ్డం, ఒకరోజు బోసినోరు, ఒకరోజు గొంతు, టై. కళ్లు పెట్టడానికి చోటు లేదు. సుద్ద అయిపోవచ్చినప్పుడు బ్యూలా కొత్త ముక్క తెచ్చి కట్టేది. ఆ ఒక్క పని ఎవరినీ అడగకుండా చేసేది.

చలి మొదలయ్యాక ఒక పొద్దున, సుద్ద మార్చడానికి ఆమె బస్సు కంటే ముందుగా వచ్చింది. ఫ్లెక్సీలో హదస్సా లేదు. నాయకుడు ఉన్నాడు, నిలువెత్తున, నమస్కారం పెడుతూ. జన్మదిన శుభాకాంక్షలు. చుట్టూ గుండ్రటి ఫొటోల్లో సంఘం సభ్యులు, వరసగా.

అప్పలలక్ష్మి ఇడ్లీ గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు. "నాను సెప్పినాను టీచరమ్మా, అక్కడ కట్టొద్దని. ఫ్రేము సేసి ఉంది గదా, మళ్లీ గోడకు మేకులెందుకు అన్నారు. ఈ పువ్వు ఎక్కడెట్టాలో తెలీక ఇక్కడే ఎట్టీసినాను." బంతిపువ్వు పాలగిన్నె మూత మీద ఉంది.

కొత్త ఫ్లెక్సీ కింది మూల ఒకటి ఊడి గాలికి కొట్టుకుంటోంది. బ్యూలా సుద్దముక్క ఉన్న చేత్తోనే ఆ మూలను పైకెత్తింది. కింద హదస్సా ఫ్లెక్సీ అంచు. ఇంకొంచెం ఎత్తింది. కాలేజీ ఫోన్ నంబరు. మునివేళ్ల మీద నిలబడి ఇంకా ఎత్తింది. హదస్సా గడ్డం కనబడింది, కింది పెదవి కనబడింది. చేయి అంతకు పైకి అందలేదు. ఈ ఫ్లెక్సీ వద్దనుకున్నది తనే. ఇప్పుడు దాన్ని చూడటానికి చేయి చాపుతున్నదీ తనే.

వెనక బండి ఆగింది.

"అరె, ఊడిందా?" శ్రీశైలం గబగబా దిగాడు. అతని ముఖంలో సిగ్గు కనబడింది. "రెండు రోజులే టీచరమ్మా. పై నుంచి చెప్పిన్రు, నేను కాదనలేకపోయిన. కింద మన పాప గట్లనే ఉన్నది, తీయలే. నేనే తీయనీయలే."

"శ్రీశైలం గారూ," అంది బ్యూలా.

"చెప్పుండ్రి."

అప్పుడు పక్కన పెట్టిన ఆ మాట ఈసారి సిద్ధంగానే ఉంది. చిన్న మాట. ఆరో తరగతి పిల్లలు కూడా ఒక్క ఊపిరిలో అనగలరు. అతను జేబులోంచి తాడు ముక్క తీశాడు. ఒక చివర ఫ్లెక్సీ కన్నంలోంచి దూర్చి, రెండో చివర పట్టుకునేవాళ్ల కోసం చుట్టూ చూసి, దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"జెర పట్టుకోండ్రి టీచరమ్మా. గట్టిగ. నేను ముడేస్త."

ఆమె పట్టుకుంది. అతను ఫ్రేము చుట్టూ తాడు తిప్పి లాగాడు. ఫ్లెక్సీ మూల నెమ్మదిగా కిందికి దిగి, పెదవిని, గడ్డాన్ని, ఫోన్ నంబరును కప్పి ఇనుముకు ఆనుకుంది. అతను ఒక ముడి వేశాడు. చాలదని ఇంకొకటి వేశాడు.

"ఇగ వదలుండ్రి."

తాడుకు సుద్ద అంటింది. శ్రీశైలం దాన్ని బొటనవేలితో తుడిచాడు. బస్సు వచ్చింది. కొత్త సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉందని బ్యూలాకు బస్సులో కూర్చున్నాక తెలిసింది.