వంట అయిందా?

యాసిడ్ చుక్క పడగానే పగడపు ముక్క బుసబుసా నురగలు కక్కింది. ల్యాబ్‌లో ఇలా పరీక్షించి ముద్ర వేసే పని ఆమెది.

నురగ రాకూడదు. సముద్రపు పగడాన్ని ప్రెషర్ పాత్రలో రసాయనం పోసి ఉడికిస్తే ఎముకలాంటి పదార్థమవుతుంది. ఇది పచ్చిది. దీని జత ముక్క ఎదుటి భవనంలో, ఆపరేషన్ బల్ల మీద ఆమె తమ్ముడి కాలి పక్కనే ఉంది. కాలిలో పెడితే ఎముక కట్టకముందే కరిగిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు అతకని కాలు. ఈసారీ అతక్కపోతే తీసెయ్యడమేనని సర్జన్ ముందే చెప్పాడు.

థియేటర్‌కు ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. ఎత్తే దిక్కు లేదు.

ఆమె పరుగందుకుంది. మెట్ల మీద చెప్పు ఊడితే వదిలేసింది. థియేటర్ తలుపు అద్దాన్ని రెండు చేతులా బాదింది. లోపల సర్జన్ పట్టకారులో తెల్లటి ముక్క.

"ఆపండి! అది పచ్చిది!"

పట్టకారు గాల్లోనే ఆగింది.

వెనకే రొప్పుతూ మరిది వచ్చాడు. ల్యాబ్‌లో ఉడికించే పని అతనిదే.

"కొంప ముంచావు కదయ్యా! ఉడకనిదాన్ని ఉడికిందంటావా?"

"నేనెప్పుడన్నాను వదినా? ఆ ట్రే ఇంకా పాత్రలోకే ఎక్కలేదు!"

"ఆదివారం ఫోన్ చేసి, వంట అయిందా అని అడిగానా లేదా?"

ల్యాబ్‌లో ఆ పనిని అందరూ వంటే అంటారు.

మరిది మొహం పాలిపోయింది. "ఆదివారం నాకు సెలవు వదినా. ఇంట్లో పొయ్యి దగ్గరున్నాను. నీకు ఆకలేస్తోందేమో అనుకున్నా. అయింది, వచ్చి తినమన్నాను కదా!"

నిజమే. అన్నాడు. ఆమె మొదటి మాట విని ఫోన్ పెట్టేసింది.

తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో ఇంకో ముక్క ఉన్న పెట్టె. "పొరపాటు ఆ ఒక్కదానిలోనేనా? ఇది విప్పమంటున్నారు, త్వరగా చెప్పండి. అసలెవరి తప్పిది?"

మరిది ఆమె చెవిలో గొణిగాడు. "నా పేరు చెప్పెయ్. తిట్లు నాకు అలవాటే."

పెట్టె మీద ఆదివారం తేదీ. పరీక్షించినట్టు ఆమె వేసిన గుండ్రటి ముద్ర. మరిది పేరు చెబితే తప్పు ఆ ఒక్క ముక్క వంటలోనే అనుకుని, ఈ ముద్రను అందరూ నమ్ముతారు. ఈ ముక్క తమ్ముడి కాలిలోకి వెళ్తుంది.

ఆమె పెట్టె మూత మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"విప్పకండి. పోయిన నెల పెట్టె వాడండి, దాన్ని పరీక్షించాను. ఆదివారంవి ఒక్కటీ చూడలేదు. చూడకుండా ముద్ర కొట్టింది నేనే."