మొదటి బిళ్ళ

“గుమ్మంలో నిలబడి చూస్తే ఎట్ల కనబడాలెనో అది చూడు సీతయ్యా. వంట చేసేకాడ ఎవరు చూస్తరు?” అన్నాడు మా ఆయన ప్రేమ్‌కుమార్, వంటింట్లో నేల బిళ్ళలు పరచడానికి వచ్చిన మేస్త్రీతో.

ఆ వంట చేసేకాడే నేను ఇద్దరికీ టీ వడకడుతున్నాను అప్పుడు. ఎవరు చూస్తారట! పొద్దున అయిదున్నరకి లేచి అక్కడే నిలబడతాను. కొట్లో పనిచేసేవాళ్ళ టిఫిన్లు, అత్తయ్యకి ఉప్పు లేని కూర, ఈయనకి ఉప్పున్న కూర, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం మళ్ళీ టీలు, రాత్రి రొట్టెలు. కళ్ళు మూసుకుంటే ఇంట్లో ఇంకేదీ గుర్తురాదు గానీ ఆ పొయ్యి ముందు మూరెడు నేల మాత్రం ఏ గంటు ఎక్కడుందో చెప్పగలను. అయినా చూసేవాళ్ళెవరూ లేరు. టీ గ్లాసులు వాళ్ళ చేతికిచ్చాను. ఇద్దరూ నా మొహం చూడకుండానే తీసుకున్నారు.

మా ఇల్లు కొంటాలో పెద్ద రోడ్డు మీద. ముందు కొట్టు, వెనక ఇల్లు. భోపాల్‌పట్నం నుంచి కోడలిగా ఈ ఇంటికొచ్చి పంతొమ్మిదేళ్ళు. హాల్లో అయిదేళ్ళ కిందటే తెల్ల బిళ్ళలు పరిచారు, వంటింటికి మాత్రం మామగారి నాటి ఎర్ర గచ్చే మిగిలింది. పోయిన వానాకాలం ఆ హాలు బిళ్ళల మీద, తడి కాళ్ళతో నడిచిన వాళ్ళెవరో గానీ జారింది నేను. కుడి మణికట్టు విరిగింది. “చూసుకొని నడవొద్దా?” అని మా ఆయన. “మా కాలంల పేడ అలికిన నేల మీద కూడా ఎవ్వరం పడలే” అని అత్తయ్య నాగేశ్వరమ్మ. నలభై రోజులు కట్టుతో ఎడమ చేత్తో వండాను. రొట్టెలు గుండ్రంగా రావడం లేదని కూడా అన్నారు, అదీ విన్నాను.

అందుకే వంటింటికి గరుకు బిళ్ళ వేయిద్దామన్నాను. “గరుకుదా? అది బాత్రూముల వేస్తరు” అని నవ్వారు. జగదల్‌పుర్‌లో మా బావగారి వంటింట్లో తెల్లటివి, బంగారు గీతలున్నవి వేశారట. అంతే, అవే పెట్టెలు మా ఇంటికీ దిగాయి. రంగు వాళ్ళిష్టం, నునుపు వాళ్ళిష్టం, సరే. నాకు మిగిలిందల్లా ఒక్కటే. ఆ బిళ్ళలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది.

అది చిన్న సంగతి అనుకుంటారు తెలియనివాళ్ళు. నేనూ అలాగే అనుకునేదాన్ని, టేపు పట్టుకొని కొలిచేదాకా. గుమ్మం నుంచి పొయ్యి గట్టు దాకా నాలుగు నిండు బిళ్ళలు పోగా జానెడు మిగులుతుంది. గుమ్మం దగ్గర్నించి మొదలుపెడితే ఆ జానెడు ముక్కలు వచ్చి పడేది సరిగ్గా నా కాళ్ళ కింద. ఇటు గట్టు దగ్గర్నించి మొదలుపెడితే ముక్కలు గుమ్మం పక్కకి పోతాయి, నాకు నిండు బిళ్ళ దక్కుతుంది. పాత క్యాలెండరు వెనక గళ్ళు గీసి, లెక్క వేసి, మా ఆయనకి చూపించాను. ఆయన సీతయ్యని పిలిచి, “ఇదిగో, మా ఇంట్ల ఇంజనీరు నక్షా గీసింది, చూడు” అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. సాయంత్రానికి ఆ కాగితం మీద అత్తయ్య ఆవకాయ జాడీ పెట్టింది, నూనె కింద కారకుండా. నేను తీయలేదు. తీసి ఏం చేసుకోను?

ఈరోజు మా ఆయన సరుకులకని భద్రాచలం వెళ్ళాడు. వెనక వసారాలో గ్యాసు పొయ్యి కింద పెట్టుకొని, ఎండ మొహాన కొడుతుంటే, పప్పు చేస్తున్నాను. లోపల సీతయ్య గుమ్మానికి దారం కట్టి, బిళ్ళలు ఉత్తినే వరసగా పరిచి చూసుకుంటున్నాడు. ఆఖరి వరస దగ్గర నేను అనుకున్నట్టే జానెడు ఖాళీ మిగిలింది. వెళ్ళి చెప్పాను. “సీతయ్యా, ఇటు నుంచి మొదలుపెట్టు. ఇక్కడ ముక్కలొద్దు.”

“సేఠ్‌ను అడగాలమ్మా” అని ఫోను తీసి స్పీకరు పెట్టాడు. మా ఆయన గొంతు బస్సు హారన్ల మధ్య నుంచి వచ్చింది. “ఆమెకేం తెల్సు? వచ్చినోడికి గుమ్మంల ముక్కలు కనబడితే నవ్వరా? నేను చెప్పినట్టు చెయ్.” హాల్లో మంచం మీద నుంచి అత్తయ్య అందుకుంది. “వండేదానికి నేల ఎట్లుంటే ఏంది? అది తింటదా ఏంది నేలను?”

సీతయ్య నా వంక చూసి భుజాలెగరేసి, భోజనానికి ఇంటికి పోయాడు. వచ్చాక సిమెంటు మాలు పోస్తానన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఛీ, బిళ్ళ కోసం ఏడుస్తున్నానా అని సిగ్గేసింది. బిళ్ళ కోసం కాదు. ఇంట్లో నా సొంతమని చెప్పుకోగలిగింది ఆ రెండడుగుల నేలే, దానికీ నేను పనికిరాలేదు.

వసారాలో సీతయ్య కింద పనిచేసే సోమక్క జావ తాగి గిన్నె కడుక్కుంటోంది. దోర్ల తెగ మనిషి, కిష్టారం వైపు నుంచి వచ్చింది. పదిహేనేళ్ళుగా ఇసక మోస్తూ, మాలు కలుపుతూ ఉంది. మేస్త్రీ పక్కన కూర్చొని చూసీ చూసీ పనంతా ఆమెకి తెలుసు గానీ తాపీ మాత్రం చేతికివ్వరు. లోపలికొచ్చి, పరిచిన బిళ్ళల వంక చూసి, నన్ను అడిగింది.

“నువ్వు ఎక్కడ నిలబడతవ్ అక్కా?”

పంతొమ్మిదేళ్ళలో ఆ ముక్క ఎవరూ అడగలేదు. వెళ్ళి నా చోట నిలబడ్డాను. గచ్చు మీద మేస్త్రీ ఉలితో గంట్లు కొట్టాడు గానీ, ఎరుపు పోయి బూడిదరంగు తేలిన రెండు మచ్చలు ఇంకా ఉన్నాయి. నా పాదాలంతే ఉన్నాయి.

“ఇక్కడ ముక్కలా? ముక్కలు ముందు లేస్తయ్ అక్కా. గట్టు మీద నీళ్ళు కారి కారి అడుగున నాని లేస్తయ్. లేచిన అంచు కాలికి తగుల్తది.” నా మణికట్టు వంక చూసింది. “మల్ల పడ్తవ్.”

“మొదటిది ఎట్ల పెడితే మిగతావి అట్లనే పోవాలా?” అన్నాను.

“మరి! మొదటి వరస ఎట్లుంటే ఇల్లంతా అట్లనే.”

“పెడదామా?”

ఆమె చటుక్కున గుమ్మం వైపు చూసింది. “నాకు రేపట్నుంచి కామ్ ఉండదు అక్కా.”

నిజమే. నా నేల కోసం ఆమె కూలి పోవడమేంటి? “నువ్వు ఏదీ ముట్టకు. నోటితో చెప్పు చాలు. చెయ్యి నాది” అన్నాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నాను.

సోమక్క గోడకి ఆనుకొని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని కూర్చుంది. ఉత్తినే పరిచిన బిళ్ళలు తీసి పక్కన పెట్టి, గట్టు పొడవునా దారం కట్టమంది, కట్టాను. ఆమె కలిపి పెట్టిన మాలు తట్టలతో తెచ్చి పోశాను. సీతయ్య గోడ మీద పెట్టిన పెన్సిలు గుర్తుకి సరిగ్గా చెక్కతో లాగమంది. “ఇంకా ఎత్తుంది. తియ్. ఆ మూల తియ్.” సిమెంటు పాలు పోసి, బిళ్ళ దించాను. అమ్మో, ఎంత బరువు! విరిగిన చెయ్యి జివ్వున లాగింది. రబ్బరు సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. “నడుమ కొట్టు. అంచు మీద కొట్టకు, పగుల్తది.” రసమట్టంలో బుడగ అటు పోయింది, ఇటు పోయింది. బిళ్ళ లేపి మళ్ళీ పెట్టాను. మూడోసారికి బుడగ నడుమ నిలబడింది. “అబ్బ! సీతయ్యకి కూడా ఇంత తొందరగా రాదు” అని సోమక్క చంకల్లో చేతులు తీయకుండానే నవ్వింది.

నాలుగు బిళ్ళలు, గట్టు పొడవునా. చప్పుడుకి అత్తయ్య లేచి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చొని సిమెంటు కొట్టుకుపోయి ఉన్న నన్ను చూసి, “వాడొస్తే ఏం జవాబు చెప్తవే?” అంది. కోప్పడిందో భయపడిందో తెలియలేదు. నేను పని ఆపలేదు. ఆమె కూడా ఆపమనలేదు, అక్కడే నిలబడి చూసింది.

సీతయ్య వచ్చి గుడ్లు తేలేశాడు. వంగి రసమట్టం పెట్టాడు. అటు పెట్టాడు, ఇటు పెట్టాడు. సోమక్క వంక అనుమానంగా చూశాడు. “ఆమె ముట్టలేదు. నా చేతులు చూడు” అని చూపించాను. అతనికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఫోను తీశాడు.

“సేఠ్, అమ్మగారు గట్టు కాడ్నుంచి పెట్టేసింది. నాలుగు. తీసెయ్యాల్నా?”

“ఏంది? తీసెయ్! ఫోను దానికియ్యి!”

ఫోను తీసుకున్నాను. పుట్టింటికి పోవాలంటే అడిగాను. విరిగిన చేతికి డాక్టరు దగ్గరికి పోవాలంటే, కొట్లో పనయ్యేదాకా ఆగి మరీ అడిగాను. బిళ్ళ రంగు అడిగాను, గరుకు అడిగాను, మొన్న గళ్ళు గీసి మరీ అడిగాను. అడిగిన ప్రతిసారీ నవ్వారు, లేకపోతే ‘చూద్దాంలే’ అన్నారు. సిమెంటు నా వేళ్ళ మధ్య అప్పుడే గట్టిపడుతోంది.

“ఎవర్నడిగి పెట్టినవే?” అని అరిచాడు.

“నన్నడిగి పెట్టిన” అన్నాను.