మాగాయ రోజుల్లో రెస్ట్

ఉదయభాస్కర్ ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడంటే ఆ ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు. అందుకని సత్యకుమారి పెరట్లో రోలు ముందు కూర్చుని కొబ్బరి పచ్చడి రుబ్బుతుంది. పెళ్లైన దగ్గర్నుంచీ ఇదే తంతు. "వాడి నిద్ర చెడితే మన నోట్లోకి నాలుగు వేళ్లూ ఎలా వెళ్తాయే?" అంటారు అత్తగారు రత్నమాణిక్యం. నిజమే, మనిషికి నిద్ర కావాలి. ఆయన నిద్రపోవడానికి కూడా నా రెక్కలే అరగాలా అని సత్యకుమారి ఎన్నోసార్లు అనుకుంది. అనుకుంటూనే రుబ్బింది.

ఈసారి ఇంట్లోకి ఇంకో రెస్ట్ వచ్చిపడింది. కూతురు దుర్గాశ్రీ ఈత పోటీలకి తయారవుతోంది. కోచ్ సారిక మేడమ్ తల్లిదండ్రులందర్నీ పిలిచి, "ఈ వారం పిల్లలు నీళ్లలో దిగరండి. భుజాలకి విశ్రాంతి. ఇది సెలవనుకోకండి, ఇదీ ట్రైనింగే" అని మరీ మరీ చెప్పింది. తెల్లారకుండా లేచి, బాక్సు కట్టి, స్కూటీ మీద పూల్‌కి పరిగెత్తే పని తప్పిందని సత్యకుమారి కూడా లోలోపల తెగ మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతసేపు! రామచంద్రపురం నుంచి బస్తాడు మామిడికాయలు దిగాయి. "పిల్ల ఖాళీగానే ఉందిగా, మాగాయకి చెక్కు తీయించు" అన్నారు అత్తగారు. సత్యకుమారి ఏం ఆలోచించిందో ఏమో, చిల్లు పెట్టిన ఆల్చిప్పని తన చేత్తోనే కూతురి చేతిలో పెట్టింది.

మధ్యాహ్నానికి దుర్గాశ్రీ చెయ్యి మార్చి చెక్కు తీస్తోంది. మధ్యమధ్యలో కుడి భుజం నొక్కుకుంటోంది.

"నొప్పా తల్లీ?"

"కొంచెం. పర్లేదులే."

ఆ పర్లేదు సత్యకుమారిది. జ్వరంలో గారెలు వండుతూ అన్నది, నడుం పట్టేసినా బిందెలు మోస్తూ అన్నది. పోటీ మాట దేవుడెరుగు, ఈ మాట పిల్లకి అప్పుడే వచ్చేసింది! తన మీద తనకే ఒళ్లు మండింది. ఆల్చిప్ప లాక్కుంది.

"లే. వెళ్లి పడుకో."

"మరి కాయలో?" అన్నారు అత్తగారు. "రేపటికి మెత్తబడిపోతాయి. పోనీ నువ్వు తియ్యి."

"నేనూ పడుకుంటానండి అత్తయ్యా."

ఆ మాట అన్నది తనేనా అని సత్యకుమారికే ఆశ్చర్యమేసింది. ఇంతలో ఉదయభాస్కర్ ఆవలిస్తూ వచ్చాడు. "ఏంటీ గోల?"

"మీ నిద్ర అయిందిగా, కాస్త చెక్కు తియ్యండి" అంటూ ఆల్చిప్ప అతని చేతిలో పెట్టింది.

"ఓసినీ! వాడికేం వచ్చునే?"

"నేర్పండి అత్తయ్యా. నాకూ మీరేగా నేర్పారు."

గదిలో కూతురి పక్కన వాలింది. ఫ్యాను గాలి హాయిగా తగులుతోంది. పిల్ల అప్పుడే నిద్రలోకి జారుకుంది. పెరట్లోంచి ఆల్చిప్ప గీరుతున్న చప్పుడు, ఆ వెనకే అత్తగారి గొంతు. "అంత మందంగానా! కండంతా పోతోందిరా అబ్బాయ్!" లేచి వెళ్లి చూపించి రావాలని సత్యకుమారికి కాళ్లు లాగాయి. తలగడ సర్దుకుని అటు తిరిగి పడుకుంది.

కాసేపటికి ఉదయభాస్కర్ గుమ్మంలోకొచ్చాడు. "అన్నంలోకి పచ్చడి లేదు సత్యా. కొబ్బరుంది, మిక్సీ వెయ్యనా?"

సత్యకుమారి కళ్లు తెరవలేదు.

"పిల్ల పడుకుందండి. పెరట్లో రోలుంది."