మూడో స్క్రూ

ఈస్టరుకు ముందు శనివారం పొద్దున గుడి వాకిట్లో కొత్త నిప్పు చెకుముకితోనే పుట్టాలి. అగ్గిపుల్ల మాటెత్తితే ఫాదర్ ఎర్కోలేకి ఒళ్లు మంట. ఆ నిప్పు పుట్టించే హక్కు ముప్పై ఏళ్లుగా ఫౌస్తీనాది. ఆమె దగ్గరున్నది తాతలనాటి నిప్పుపిస్తోలు. గొట్టం ఉండాల్సిన చోట మాడ్చిన గుడ్డ పెట్టే డబ్బీ, పక్కనే కొవ్వొత్తి గూడు. మీట నొక్కితే చెకుముకి రవ్వ గుడ్డలో పడుతుంది. ఎవర్నీ చంపింది లేదు, పొయ్యిలు రాజేసిందంతే.

ఈ ఏడాది సైకిళ్ల కొట్టు గౌడెన్సియో వెండి తీగలు పొదిగిన అలాంటి పిస్తోలే ఒకటి బ్రెషా పట్నంలో కొనుక్కొచ్చాడు. దాని మీద 1690 అని చెక్కి ఉంది. "పాతదానికే హక్కు!" అని ఊరంతా చాటాడు. ఫాదర్ మెత్తటి మనిషి. తేల్చమని బోర్తోలో ముసలాయనకి అప్పగించాడు. తుపాకీ మరలు చేసీ చేసీ సగం చూపు పోగొట్టుకున్నవాడాయన.

శనివారం గుడి వాకిట్లో ఫౌస్తీనా తేలు కుట్టిన దొంగలా నిలబడింది. మొన్నామధ్య పిస్తోలు తుడుస్తుంటే స్క్రూ ఒకటి ఎగిరిపోయింది, ఇల్లంతా ఊడ్చినా దొరకలేదు. ఆ కన్నంలో ఇప్పుడున్నది ఆమె కాఫీ మర స్క్రూ. దారం చుట్టి బిగించింది. అడిగితే బోర్తోలో చేసిచ్చేవాడే, కానీ ఊళ్లో పొక్కుతుందని నోరు మూసుకుంది. మొగుడు పోయాక ఊరు ఆమెను పేరు పెట్టి పిలిచేది ఏడాదికి ఈ ఒక్కరోజే.

బోర్తోలో ముందు గౌడెన్సియోది విప్పాడు. రెండు స్క్రూలు తీసి, దీని కన్నంలో దాన్నీ దాని కన్నంలో దీన్నీ తిప్పాడు. ఇల్లరికపుటల్లుళ్లలా హాయిగా ఇమిడిపోయాయి.

"చేత్తో మరచుట్లు కోసిన స్క్రూ పరాయి కన్నంలోకి పోదురా గౌడెన్సియో. ఇది యంత్రం కన్న బిడ్డ. నాకంటే చిన్నది."

"మరి ఆ తారీఖో, తాతా?"

"చేసినవాడు వెయ్యలేదురా, అమ్మినవాడు వేశాడు."

"పైన పటారం, లోన లొటారం!" అన్నారెవరో. గౌడెన్సియో చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఆవిడదీ విప్పు! అన్ని స్క్రూలూ తియ్యి!"

బోర్తోలో విప్పాడు. పిస్తోలు పక్క పలక లోపలివైపు బొటనవేలితో తడిమి, "ఆకురాయి గీతలు అడ్డంగా ఉన్నాయి. మన ఏటి ఒడ్డు కొలిమివాళ్ల పనితనమే. నూటయాభై ఏళ్లకి తక్కువుండదు," అన్నాడు. మొదటి స్క్రూ రెండోదాని కన్నంలోకి పోలేదు. మూడోది తీశాడు. వేళ్ల మధ్య తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ముసలాయన దాన్ని పక్క కన్నంలో దూర్చబోయాడు. ససేమిరా అంది.

"చూశారుగా, పోవట్లేదు. ఇదే పాతది," అన్నాడు గట్టిగా.

బోర్తోలో మళ్లీ బిగించి ఇచ్చాక ఫౌస్తీనా మీట నొక్కింది. గుడ్డ రాజుకుంది. ఊరంతా ఆమె చుట్టూ కొవ్వొత్తులతో మూగింది. బోర్తోలో తనది వెలిగించుకుంటూ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"సోమవారం కొత్త స్క్రూ తెస్తానమ్మాయ్. కాఫీ మరది దానికి పెట్టెయ్యి. ఇన్నాళ్లూ గింజలెలా పొడి చేస్తున్నావే?"

"రోట్లో దంచుతున్నా మామా. చేతులు పడిపోయాయి."